రెండు గీతల సైకిలు

ఏడు నెలల పాటు సిగ్నళ్ల దగ్గర ఆగిన జనానికి నేను మంచి వినోదం. దూరాన ఎర్రదీపం కనబడితే చాలు, కాలు పెట్టుకోవడానికి పేవ్‌మెంటు అంచు ఎక్కడుందా అని వెతుక్కునేదాన్ని. అంచు దొరక్కపోతే సైకిల్ని ఎడమవైపుకి వంచి, బొటనవేలి కొస నేలకు ఆనించి, ఒంటికాలి కొంగలా నిలబడేదాన్ని. ఒకసారి పక్కన ఆగిన వ్యాను డ్రైవరు తల బయటపెట్టి, "నిచ్చెన కావాలా అమ్మా?" అన్నాడు. నేను ఊరుకునే రకం కాదు. "ఉంటే నువ్వే ఎక్కు, బుద్ధి కాస్త పైకొస్తుంది" అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ సైకిలు నాకు రెండు సైజులు పెద్దది. అది మా అక్క కొలత. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ సైకిల్ని ఆ సైజులో ఇంటికి తెచ్చింది మాత్రం నేనే. పంతం పట్టి, షాపువాడితో గొడవపడి మరీ తెచ్చాను.

అక్క మా ఇంట్లో అందరికంటే పొడుగు. ఆడవాళ్లలో అని కాదు, అందరిలోనూ. బావగారు ఇళ్లకు రంగులు వేస్తారు. పెళ్లయిన కొత్తలో ఆయన నిచ్చెన కొనడం మానేశారని, ఇంట్లో ఒకటుందిగా అన్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నేను పుట్టించిందే. అక్క నన్ను పొట్టీ అని పిలిచేది. నాకు కోపం రాని పిలుపు లోకంలో అదొక్కటే.

మేమిద్దరం ఊళ్లో ఉన్న పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేవాళ్లం. నాకంటే ఆరేళ్ల ముందు అక్క అందులో చేరింది. నేను కోడలిగా వచ్చిన మూడో నెలలోనే, ఇంట్లో కూర్చుంటే ఈ పిల్ల గోడలతో కూడా పోట్లాడుతుందని తీసుకెళ్లి పనిలో పెట్టించింది. మొదటిరోజు దుప్పట్లు మడతపెట్టడం నేర్పింది. ఆసుపత్రి దుప్పటి ఒక్కరు మడిచేది కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి, దులిపి, ఎదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. అక్క వైపు దుప్పటి భుజాల దగ్గర ఉంటే నా వైపు నేల మీద ఈడ్చుకునేది.

"లేచి నిలబడవే పొట్టీ" అంది అక్క.

"నిలబడే ఉన్నానక్కా."

ఆ హాలంతా పడిపడి నవ్వారు. ఆ తరువాత ఆవిడ కాస్త ఒంగేది, నేను చేతులు కాస్త పైకెత్తేదాన్ని. తరువాత పనిలో మా వేళలు వేరైనా, ఇంటి దుప్పట్ల దగ్గర పదహారేళ్లు అలాగే గడిచాయి.

లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. రోగుల గౌన్లకు చిన్న, మధ్య, పెద్ద అని మెడ దగ్గర గుడ్డముక్క కుట్టి ఉంటుంది. ఉతగ్గా ఉతగ్గా అది వెలిసిపోతుంది, లేదా ఊడిపోతుంది. అప్పుడు కొలిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అనుమానం వస్తే పెద్దవాటి కుప్పలో వేయమని అక్క నాకు మొదటివారమే చెప్పింది. పెద్ద గౌను చిన్న మనిషి వేసుకుని నాడాలు బిగించుకోవచ్చు, చిన్న గౌనులో పెద్ద మనిషి పట్టడు. వేల గౌన్లు అలా విసిరాను. అది నా చేతుల్లోకి ఇంకిపోయింది, ఆలోచించే పని లేకుండా.

మా ఇంటి నుంచి ఆసుపత్రికి ఎనిమిది కిలోమీటర్లు. మధ్యలో రైలు పట్టాల మీద ఒక వంతెన ఉంది, ఎక్కేటప్పుడు ప్రాణం తీస్తుంది. అక్కది ఉదయం ఆరు నుంచి ఒంటిగంట వరకు. నాది మూడు నుంచి తొమ్మిది వరకు. ఆ వేళలకు కలిసొచ్చే బస్సు లేదు, కానీ ఒక పాత సైకిలు ఉంది. పొద్దున అక్క, మధ్యాహ్నం నేను. రెండు గంటల ప్రాంతంలో వీధి మలుపులో బెల్లు రెండుసార్లు మోగేది. నేను సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చేదాన్ని. అక్క దిగేది, నేను ఎక్కేదాన్ని. మా రోజుల్లో మేమిద్దరం ఒకరినొకరు సరిగ్గా చూసుకునేది ఆ రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో ఇంట్లో ఏం వండి ఉంది, పనిలో ఏ యంత్రం చెడింది, ఎవరి మీద ఎవరు అలిగారు, అన్నీ అయిపోయేవి.

సీటు గొట్టం మీద అక్క గోళ్ల రంగుతో రెండు గీతలు పెట్టింది. ఎర్రగీత కనబడేదాకా పైకి లాగితే అది అక్క సైకిలు. తెల్లగీత దాకా దించితే నాది. దించే పని నాకు ఎప్పుడూ ఉండేది కాదు. మలుపులో బెల్లు కొట్టే ముందే ఆవిడ దిగి, సీటు నా గీతకు దించి, అక్కణ్నుంచి నడిపించుకుంటూ వచ్చేది. ఎక్కగానే నా కాళ్లకు అందేది. అదొక గొప్ప విషయమని నాకు అప్పుడు తోచలేదు.

ఆ సైకిలు నిరుడు చచ్చింది. తొక్కుతుంటే లోపల రాళ్లు నమిలినట్టు చప్పుడు, చక్రం పాములా వంకర. బాగుచేయడానికి చేయివేసిన మెకానిక్కు, "దీనికి మందు లేదమ్మా, దండం పెట్టి వదిలేయండి" అన్నాడు. కొత్తది కొనక తప్పలేదు. కొనేదాకా దాన్నే ఎలాగో ఈడ్చాం.

"ఈసారి గేర్లున్నది కొందామే" అంది అక్క. "వంతెనెక్కితే ఆయాసం వస్తోంది."

"వయసు మీద పడుతోంది మరి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

అక్కకు ఇంకో కోరిక కూడా ఉండేది. లాండ్రీ నీళ్లు శుద్ధిచేసే తొట్లలోంచి బయటికొచ్చి వెనకనున్న కాలువలో పడతాయి. ఆ కాలువ గట్టు మీద సన్నని దారి ఉంది. నలభై అయిదు కిలోమీటర్లు పోతే సముద్రం. ఇరవైరెండేళ్లుగా ఆ నీళ్లలోకి దుప్పట్ల మురికి వదులుతున్నాను, అవి ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారి చూడాలని ఆవిడ అంటూండేది. ఒకరోజు పోవడం, అక్కడ పడుకోవడం, మర్నాడు రావడం. నాకు షాపులో అద్దె సైకిలు తీసుకోవడం. అంతే కోరిక. మనుషులు ఏవేవో కోరుకుంటారు, మా అక్క మురుగునీటి చివర చూడాలనుకుంది.

అలా రోజూ పనికి, ఎప్పుడైనా దూరానికి, రెంటికీ పనికొచ్చేది కావాలని సెలవు ఆదివారాలు సైకిళ్ల షాపుకి వెళ్లడం మొదలుపెట్టాం. షాపాయన ఓపికస్తుడు. రేసు సైకిలంత సన్నగానూ, కొండలెక్కే సైకిలంత లావుగానూ కాకుండా మధ్యరకంగా ఉండేదాన్ని హైబ్రిడ్ అంటారని చెప్పాడు. హ్యాండిలు తిన్నగా ఉంటుంది, నడుం మరీ ఒంగదు. టైర్లు గుంతల్ని తట్టుకుంటాయి, తారురోడ్డు మీద బరువనిపించవు.

నాకు ముందు చక్రానికి స్ప్రింగులున్న ఎర్రటిది నచ్చింది. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. "ఆ ధరలో వచ్చే స్ప్రింగులు బరువు తప్ప సుఖం ఇవ్వవమ్మా, వంతెన మీద మీరే మోయాలి" అన్నాడు షాపాయన. రెండోది చేత్తో ఎత్తితే లేచొచ్చేంత తేలిక. కానీ వెనక క్యారియరు బిగించడానికి మరల రంధ్రాలు లేవు. సంచి వీపున మోసుకుని కాలువ గట్టు మీద నలభై అయిదు కిలోమీటర్లు ఎవరు పోతారు? మూడోది బూడిదరంగు. స్ప్రింగులు లేవు, సోకు లేదు. మామూలు బ్రేకులు, ఏ మూల మెకానిక్కయినా సరిచేయగలడు. ముందు మూడు గేర్లు, వెనక ఏడు. క్యారియరుకి, మడ్‌గార్డులకి రంధ్రాలున్నాయి. మేమిద్దరం మిగిల్చుకోగలిగినదానికి అందేది కూడా అదొక్కటే.

"క్యారియరు మీద మనిషి కూర్చోవచ్చా?" అని అడిగింది అక్క.

"కూర్చోకూడదమ్మా. పాతిక కిలోల సామాను వరకే."

అక్క నా వైపు చూసింది. పాత సైకిలు వెనక నన్ను ఎక్కించుకుని సంతకు తీసుకెళ్లడం ఆవిడకు ఇష్టం. "అయితే ఇక నువ్వే తొక్కుకోవాలే పొట్టీ" అంది. గొంతులో ఏదో తేడా ఉంది. నేను సామాను తూకం గురించి అనుకున్నాను.

ఇక మిగిలింది సైజు. ఆ బూడిదరంగుది మూడు సైజుల్లో వస్తుంది. సీటు పైకీ కిందకీ అవుతుంది గానీ, సైకిలు పొడవు మారదని షాపాయన వివరంగా చెప్పాడు. పెద్దది పొట్టివాళ్లు తొక్కితే హ్యాండిలు అందక మణికట్లు, మెడ పోతాయి. చిన్నది పొడుగువాళ్లు తొక్కితే మోకాళ్లు పోతాయి. నేను పెద్దది తీసుకుందాం అన్నాను. అక్క చిన్నది అంది. షాపులోనే అరగంట వాదించుకున్నాం. చివరికి ఆయనే, "మధ్యది తీసుకోండి, ఇద్దరూ చెరికాస్త సర్దుకుంటారు" అని తీర్పు చెప్పాడు. దుప్పటి మడతపెట్టినట్టే, ఆవిడ కాస్త ఒంగుతుంది, నేను కాస్త సాగుతాను. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్దాం అనుకున్నాం.

ఆ ఆదివారం దాకా అక్క ఆగలేదు. గురువారం రెండింటికి మలుపులో కొత్త బెల్లు మోగింది. గుమ్మంలోకి వచ్చేసరికి అక్క బూడిదరంగు సైకిల్ని నడిపించుకుంటూ వస్తోంది. క్యారియరు బిగించి ఉంది. ఎక్కి చూడమంది. ఎక్కాను. నాకు అచ్చంగా సరిపోయింది. నాకు అనుమానం వచ్చి సీటు కింద చూస్తే, చిన్న సైజు అని అంటించి ఉంది.

ఒంటికాలి మీద లేచాను.

"నీకేమైనా పిచ్చా? అయిదడుగుల పది అంగుళాల మనిషివి, దీని మీద నీ మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. అనుకున్నదేంటి, చేసిందేంటి?"

"నీకు బాగుందా లేదా?"

"నాకు బాగుంటే సరిపోయిందా? పదహారేళ్లుగా ఇదే వరస. కూరలో ముక్కలు నాకు, ఫ్యాను కింద చోటు నాకు, కిటికీ పక్క సీటు నాకు. ఇక చాలు. నీ దయ నాకు అక్కర్లేదు."

దయ అన్న మాట అనకుండా ఉండాల్సింది. అక్క మొహం చిన్నబోయింది. నేను విసురుగా చెప్పులేసుకుంటుంటే, "నా మాట వినవే ఈ ఒక్కసారి" అంది నెమ్మదిగా. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. గట్టిగా చెప్పి ఉంటే వినేదాన్నేమో. విని ఉండేదాన్ని కాదు, అది కూడా నాకు తెలుసు.

శుక్రవారం ఉదయం అక్క పనికి పోయిన తరువాత చిన్న సైకిల్ని తోసుకుంటూ షాపుకి వెళ్లాను. ఆరోజు ఆవిడ పాత సైకిల్నే ఎలాగో ఈడ్చుకుంటూ వెళ్లింది. అప్పుడైనా, కొత్తది ఎందుకు తీసుకెళ్లలేదని నాకు అనుమానం రావలసింది.

"పెద్దది ఇవ్వండి" అన్నాను.

షాపాయన నీళ్లు నమిలాడు. "ఆవిడ కావాలనే చిన్నది అడిగారమ్మా. పోనీ ఒకసారి మళ్లీ మాట్లాడుకుని..."

"మా ఇంటి సంగతి నీకేం తెలుసయ్యా? ఆవిడ ఎప్పుడూ ఇంతే. నువ్వు పెద్దది తీయ్."

మధ్యదైనా తీసుకోండి అని ఆయన బతిమాలాడు. వినలేదు. పెద్దదైతే నేను సీటు దించుకుని ఏదోలా తొక్కుకుంటాను, చిన్నదానిలో ఆవిడ పట్టదు. లోపల్నుంచి లాండ్రీ మాట్లాడుతోందని అప్పుడు తెలియలేదు. అనుమానం వస్తే పెద్దవాటి కుప్పలో వేయడమే. పెద్ద సైకిలు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టి, రాజ్యం గెలిచినంత సంబరపడ్డాను.

అక్క వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "ఎందుకే ఇలా చేశావ్?" అంది.

"నీకోసం. ఎక్కు."

ఎక్కింది. వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చింది. ఆ పొడవాటి కాళ్లు మొదటిసారి పూర్తిగా చాచి తొక్కుతుంటే ఎంత బాగుందో చెప్పలేను. దిగేసరికి చెమటలు కారుతున్నాయి. "బాగుందే" అని నవ్వింది. ఆ సాయంత్రమే గోళ్ల రంగు తీసి సీటు గొట్టం మీద తెల్లగీత పెట్టింది. నా ఎత్తుకి సీటు పూర్తిగా దించాల్సి వచ్చింది గనుక గీత సీటుకి ఆనుకుని పైనెక్కడో పడింది.

"నీ గీత పెట్టుకోలేదే?" అన్నాను మర్నాడు చూసి.

"నాది నాకు గుర్తుంటుందిలే."

పంతొమ్మిది రోజులు అక్క ఆ సైకిలు తొక్కింది. పొద్దున పావుగంట ముందే బయల్దేరేది. కొత్త సైకిలు మోజనుకున్నాను. పనిలో ఉతికే యంత్రాల దగ్గర్నుంచి మడతల బల్లకు మార్పించుకుంది. బద్ధకం వచ్చిందని ఏడిపించాను. ఒకరోజు మాత్రం దిగుతూనే, "చిన్న గేరులో వేస్తే వంతెన మీద గాలి ఎంత బాగా తగుల్తుందే" అంది. మొహం వెలిగిపోతోంది. ఆ మాట అబద్ధం కాదని నమ్ముతాను. నమ్మకపోతే నేను బతకలేను.

పంతొమ్మిదో రోజు కూడా మలుపులో బెల్లు రెండుసార్లు మోగింది. అక్క సైకిలు నా చేతికిచ్చి గుమ్మం మీద కూలబడింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. "నీళ్లు తేనా?" అన్నాను. "నేను తాగుతాలే. నువ్వెళ్లు, ఆలస్యమవుతుంది" అంది. నేను వెళ్లాను. సాయంత్రం ఆరింటికి లాండ్రీకి ఫోను వచ్చింది. పని మధ్యలో ఉన్నాను, చేతిలో దుప్పటి కొస ఉంది, అవతలి కొస పట్టుకున్నావిడకు అది వదిలేసి పరుగెత్తాను. అక్కను మా ఆసుపత్రికే తెస్తున్నారు. వంతెన దాటేలోపే అయిపోయింది.

మర్నాడు గోడకు ఆనించి ఉన్న సైకిల్ని చూశాను. సీటు నా గీత దగ్గరే ఉంది. నాకోసం ఆవిడే దించింది. ఆ తరువాత దాన్ని పైకి లాగేవాళ్లు లేకపోయారు.

అక్క పెట్టెలో బావగారికి గుండె డాక్టరు రాసిన చీటీ దొరికింది. ఆయన తెచ్చి నాకిచ్చారు. "నీకైనా చెప్పిందా అమ్మా?" అని అడిగారు. గుండెలో ఒక కవాటం చెడిందనీ, మెట్లెక్కడం, బరువులెత్తడం, సైకిలు తొక్కడం కూడదనీ రాసుంది. తేదీ చూశాను. అక్క చిన్న సైకిలు తెచ్చిన గురువారానికి ముందురోజు. పై అంతస్తులో గుండె వార్డు. రోజూ అక్కడికి దుప్పట్లు తీసుకెళ్లే మనిషి, ఆరోజు దుప్పట్లు ఇచ్చేసి వరసలో నిలబడి చూపించుకున్నట్టుంది.

తేదీ చూశాను గానీ, చూసినదాన్ని లోపలికి రానివ్వలేదు. నాకోసం చిన్నది కొందంటే దయతోనే అనుకుంటూ ఉండిపోయాను. ఇంకోలా అనుకుంటే ఆ పంతొమ్మిది రోజులకు లెక్క నేను చెప్పాల్సి వస్తుంది.

సైకిల్ని మాత్రం వదల్లేదు. మార్చుకోమని మా ఆయన అన్నాడు, లాండ్రీలో అందరూ అన్నారు. అక్క కూర్చున్న సీటది, ప్రాణం పోయినా ఇవ్వనన్నాను. మణికట్లకు గుడ్డ చుట్టుకుని తొక్కాను. రెండుసార్లు పడ్డాను. ఏడో నెలలో ఒక ఆదివారం పొద్దున్నే క్యారియరుకి సంచి కట్టి, కాలువ గట్టు పట్టుకుని సముద్రానికి బయల్దేరాను. అక్క చూడాలనుకున్నది అక్క సైకిలు మీదే పోయి చూడాలనుకున్నాను.

పదిహేను కిలోమీటర్లకు వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇరవై దాటేసరికి మెడ తిరగడం మానేసింది, బ్రేకు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియడం లేదు. గట్టు మీద మేకలు అడ్డొచ్చాయి. ఆగబోతే కాలు అందలేదు. కాలువ వైపు పడ్డాను. నీళ్లలో కాదు, బురదలో. అక్కడే కూర్చుని బూతులు తిట్టాను. కాలువను, మేకలను, అక్కను కూడా. తరువాత వెనక్కి తిరిగి, సగం దారి నడిచి, ఇంటికొచ్చాను.

మర్నాడు వంగిన బ్రేకు బాగుచేయించడానికి షాపుకి వెళ్లాను. షాపాయన సైకిల్ని చూశాడు, నా చేతుల కట్లు చూశాడు. స్టూలు వేసి కూర్చోమన్నాడు.

"ఇన్నాళ్లూ చెప్పకూడదనుకున్నానమ్మా. ఆవిడ ఒట్టు పెట్టించుకున్నారు."

"ఏమని?"

"ఆ గురువారం వచ్చి, 'నన్ను ఇక తొక్కొద్దన్నారండీ. మా పొట్టిదానికి సరిగ్గా సరిపోయేది ఇవ్వండి. దానికి చెప్పకండి, ఏడ్చి ఊరు పీకి పందిరేస్తుంది. మెల్లగా నేనే చెబుతాను' అన్నారు. మర్నాడు మీరు పెద్దదానికోసం వచ్చినప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మీరు మాట్లాడనివ్వలేదు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆయన మీద అరిచాను గానీ, ఆయన మీద కాదు. నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే ఏం పోయేదక్కా? నీకోసం తెచ్చానని నేను ఎగిరి గంతులేస్తుంటే నన్ను చిన్నబుచ్చలేక, చావుని కూడా కడుపులో పెట్టుకుని వంతెనెక్కావా? ఇదేం మంచితనం? ఎవరికోసం? ఇవన్నీ ఆ షాపులో, టైర్ల మధ్య కూర్చుని, గట్టిగానే అన్నాను. షాపాయన తలొంచుకుని బ్రేకు తీగ బిగిస్తూ ఉన్నాడు. కాసేపటికి లేచి లోపలికి వెళ్లి ఒక సైకిలు తీసుకొచ్చాడు. బూడిదరంగుది. చిన్నది.

"అదేనమ్మా. మీరు తిరిగిచ్చేసిందే. ఆ సైజు ఇక్కడ ఎవరూ అడగరు. ఉండిపోయింది."

దానికి అక్క బిగించిన బెల్లు ఉంది. నేను ఆరోజు కోపంలో బెల్లు కూడా విప్పకుండా ఇచ్చేశాను.

ఒక పక్క అక్క తొక్కిన సైకిలు, ఇంకో పక్క అక్క నాకోసం కొన్న సైకిలు. రెండూ ఉంచుకునే స్తోమత నాకు లేదు. పెద్దదాని సీటు మీద చేయివేసి చూశాను. ఆ పంతొమ్మిది రోజులు దాని మీదున్నాయి. ఇచ్చేస్తే అవి కూడా పోతాయేమో అనిపించింది. ఇవ్వకపోతే ఆవిడ మాట రెండోసారి తోసేసినట్టు. ఈ ఒక్కసారి వినవే అంది కదా.

"మార్చండి" అన్నాను.

ఆయన పెద్దదాన్ని పక్కకు తీసి, చిన్నదాని సీటు నా నడుముకు కొలిచి బిగించాడు. ఎక్కాను. అలవాటుగా ఎడమవైపు వంగాను. వంగాల్సిన పని లేదు. రెండు కాళ్లూ నేలకు ఆనాయి. ఇన్నాళ్లకు సైకిలు మీద నేరుగా కూర్చున్నాను. ఆవిడ కోరుకున్నది అంతేనని అర్థమై, హ్యాండిలు మీద తల పెట్టుకుని ఏడ్చాను. చీటీ దొరికిన రోజు కూడా అంత ఏడవలేదు.

కాసేపాగి షాపాయన అడిగాడు. "సీటు ఎత్తు గుర్తుగా గీత పెట్టమంటారా అమ్మా? పాతదానికి ఉంది కదా."

"వద్దులెండి" అన్నాను. "ఇక దాన్ని కదిపేదెవరు?"

రెండు వారాల తరువాత సముద్రం దాకా వెళ్లాను. మణికట్లు నొప్పి పెట్టలేదు, మెడ నొప్పి పెట్టలేదు. మధ్యాహ్నానికే చేరాను. చివర చూడ్డానికి ఏమీ లేదక్కా, ఉన్నమాట చెప్పాలి కదా. కాలువ వెడల్పయి, బురదగా మారి, ఇసుకలో అటూ ఇటూ చీలి, ఎక్కడ కలుస్తుందో తెలియకుండానే కలిసిపోతుంది. నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. మన దుప్పట్ల మురికి ఎక్కడా కనబడలేదు.

సీటు మీంచి దిగకుండా, రెండు కాళ్లూ ఇసుకలో ఆనించి చూస్తూ ఉన్నాను. తరువాత బెల్లు రెండుసార్లు కొట్టాను. కొట్టి, కాస్త ఆగాను. నాకు తెలుసు, ఎవరూ రారు. అయినా ఆగాను. సీటు సర్దుకునే పని లేదు గనుక, అలాగే ఇంటివైపు తిప్పుకుని తొక్కడం మొదలుపెట్టాను.